కూలర్ దించినంక కిటికీ అద్దం మీద మిగిలే టేపు బంకను వదిలించడం ఎలా?

మిరుగం (మృగశిర కార్తె) వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే నల్గొండలో ఇంటింటా ఇదే పని. కిటికీలోంచి కూలర్ దించాలి, దాని పక్క సందులకు అడ్డం పెట్టిన అట్టముక్కలు, థర్మాకోల్ పీకెయ్యాలి, ఎండ తగలకుండా అద్దాలకు అతికించిన పాత పేపర్లు చించెయ్యాలి. కూలర్ సజ్జ మీదికి పోతుంది, అట్టలు చెత్తబండిలోకి పోతాయి. టేపు బంక మాత్రం అద్దం మీదే ఉండిపోతుంది. రెండు రోజులు పట్టించుకోకపోతే దానికి దుమ్ము పట్టి నల్లటి చారలవుతాయి.

పోయినేడు మా పక్కింటి అమ్మాయి గోడ అవతలి నుంచి అడిగింది: "అక్కా, టేపైతే పీకిన గని బంకంత అద్దానికే ఉన్నది. సర్ఫు నీళ్లు పెట్టి రుద్దిన. ఇంకింత పాకుతుంది గని పోతలేదు."

"రుద్దకు చెల్లె. ముందు నాననియ్యి," అన్నాను.

ఆమెకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ పనికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. బంక ఎంత పాతదైనా వదులుతుంది. అద్దం మీద పడ్డ గీత మాత్రం ఇక పోదు. మా అమ్మ వాళ్లింట్లో పడమటి కిటికీ అద్దానికి అలాంటి గీతలున్నాయి. ఏండ్ల కింద నేనే పొడి అద్దం మీద పాత బ్లేడుతో గీకాను. పొద్దున చూస్తే ఏమీ కనపడదు. సాయంత్రం ఐదింటికి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు సాలెగూడు తీగల్లా మెరుస్తాయి. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మీ అద్దానికి అలా కావద్దు.

మన దగ్గర బంక ఇంత మొండిగా ఎందుకు తయారవుతుంది?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. పడమటి కిటికీ అద్దం మధ్యాహ్నం తర్వాత గాలికన్నా ఎక్కువే కాగుతుంది. ఆ వేడికి టేపు బంక మెత్తబడి అద్దం నిండా పరుచుకుంటుంది. అతికించిన రోజుకన్నా నెల తర్వాత పట్టు గట్టిగా ఉండేది అందుకే. పైనున్న ప్లాస్టిక్ పొర మాత్రం ఎండకు పెళుసుబారుతుంది. అందుకే పీకబోతే పట్టీలా రాదు, గోరంత ముక్కలుగా తెగి వస్తుంది.

అన్ని టేపుల బంక ఒకటి కాదు. పార్శిల్ డబ్బాలకు వేసే బ్రౌన్ టేపుది ఎక్కువగా యాక్రిలిక్ బంక. ఎండకు తొందరగా రంగు మారదు, కానీ గట్టిగా పట్టుకుంటుంది. మాస్కింగ్ టేపుది, కరెంటు పనికి వాడే నల్ల ఇన్సులేషన్ టేపుది మామూలుగా రబ్బరు బంక. అది ముందు జిడ్డుగా కారుతుంది, తర్వాత పసుపుపచ్చగా మారి పెళుసుగా గట్టిపడుతుంది. మాస్కింగ్ టేపు పుట్టిందే కార్లకు రెండు రంగులు వేసే పెయింటర్ల కోసం. 1925లో అమెరికాలోని 3ఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ దాన్ని తయారుచేశాడు. రంగు ఆరగానే లాగెయ్యడానికి చేసిన టేపది. మనం దాన్ని హోలీ నుంచి మిరుగం దాకా ఎండలో ఉంచితే, సులువుగా ఊడే గుణం పోతుంది.

ఇంకో చిన్న సంగతి. కొందరు పేపర్లను టేపుతో కాకుండా మైదా ఉడికించిన బంకతో అతికిస్తారు. దానికి నూనె, స్పిరిట్ ఏవీ వద్దు. తడిబట్టను పావుగంట అద్దిపెడితే పేపరు, బంక రెండూ కలిసి వచ్చేస్తాయి. మీది అదే అయితే మిగతా తంటా మీకు లేదు.

ముందు మీ అద్దం ఎలాంటిదో చూసుకోండి

నూనె, బ్లేడు చేతిలోకి తీసుకునే ముందే ఈ పని చేయండి. సాదా అద్దమైతే కింద చెప్పేవన్నీ నడుస్తాయి. ఇప్పుడు కొత్త ఇండ్లకు నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో రిఫ్లెక్టివ్ అద్దాలు వేస్తున్నారు. బయటి నుంచి చూస్తే మొహం కనపడుతుందే, అవి. వాటికి ఒకవైపు పల్చటి పూత ఉంటుంది. ఆ వైపు బ్లేడు తగిలితే పూత లేచిపోతుంది, మళ్లీ రాదు. పూత ఏ వైపుందో తెలుసుకోవడానికి పెన్ను మొనను అద్దానికి ఆనించి, అద్దంలో కనపడే దాని నీడను (ప్రతిబింబాన్ని) చూడండి. మొనకూ నీడలోని మొనకూ మధ్య సందు లేకుండా రెండూ తాకితే పూత మీ వైపే ఉన్నట్టు. మధ్యలో సన్నటి సందు కనపడితే పూత అవతలి వైపు ఉంది. కొంచెం అనుమానం ఉన్నా బ్లేడు ముట్టకండి.

సన్‌ఫిల్మ్ అతికించిన అద్దమైతే బ్లేడూ వద్దు, నెయిల్ పాలిష్ రిమూవరూ వద్దు. నూనె, సబ్బు, మెత్తని బట్ట మాత్రమే. స్నానాల గదికి వేసే గరుకు అద్దంలో బంక గుంతల్లోకి దిగుతుంది. అక్కడ బ్లేడు పనిచేయదు, పాత టూత్‌బ్రష్షే దిక్కు. చూడ్డానికి అద్దంలాగే ఉండే యాక్రిలిక్ షీటు కూడా ఉంటుంది. గోటితో కొడితే టంగుమనకుండా టపటపమంటుంది. దానికి రిమూవర్ గానీ థిన్నర్ గానీ తగిలితే తెల్లగా పాలిపోతుంది.

అద్దం మూలన చిన్న ముద్ర ఉంటే అది టఫెండ్ (కాల్చి గట్టిపరిచిన) అద్దం. దాని మీద కూడా బ్లేడు వాడకపోవడమే మంచిది. కొలిమిలో కాల్చినప్పుడు కంటికి కనపడని రవ్వలు పైన అంటుకుని ఉండొచ్చు. బ్లేడు వాటిని లేపి అద్దం మీద ఈడుస్తుంది.

కావలసినవి

పల్లినూనె గానీ కొబ్బరినూనె గానీ ఒక గిన్నెలో కొంచెం. పాత కాటన్ బనీను నాలుగు ముక్కలు. గిన్నెలు తోమే లిక్విడ్. పనికిరాని ఏటీఎం కార్డు. కడిగి, కోసి విప్పిన పాల ప్యాకెట్లు రెండు మూడు. ఇవి అన్ని ఇండ్లల్లో ఉండేవే. మొండి బంకకు మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ లేదా మిగిలిపోయిన శానిటైజర్, రంగుల దుకాణంలో చిన్న సీసా టర్పెంటైన్ తెచ్చిపెట్టుకోండి. కింద పరవడానికి పాత పేపర్లు మరవకండి. నూనె చుక్క నాపరాయి మీద పడితే అది తాగేస్తుంది, మరక పోదు.

కడిగినంకనే మిగతా పని

అందరూ వదిలేసేది ఈ మెట్టునే. అద్దం మీద గీతలు పడేది ఎక్కువగా దుమ్ముతో. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కొలతలో మామూలు అద్దానిది 5.5 చుట్టుపక్కల ఉంటుంది. స్టీలు బ్లేడు కూడా దాదాపు అంతే. ఇసుకది 7. మన ఎర్రమట్టి దుమ్ములో సన్నటి ఇసుక తప్పకుండా ఉంటుంది. ఆ రేణువు ఒక్కటి బ్లేడు కింద ఇరుక్కుంటే చాలు, ఈ మూల నుంచి ఆ మూలకు గీత. మిర్యాలగూడలో, ఆ చుట్టుపక్కల రైస్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది వచ్చి జిగురుకు అంటుకుని, రుద్దితే గరుకు కాగితంలా పనిచేస్తుంది.

అందుకని ముందు మగ్గుతో నీళ్లు కొట్టి దుమ్మును కిందికి కారనివ్వండి. తర్వాత సబ్బు నీళ్లలో ముంచిన బట్టతో పైనుంచి కిందికి, నొక్కకుండా తుడవండి. బట్టను గుండ్రంగా తిప్పొద్దు. ఒకసారి తుడిచిన బట్టను పిండి, మడత మార్చి మళ్లీ తుడవండి.

మధ్యాహ్నం కాగిన అద్దం మీద మాత్రం చల్లటి నీళ్లు గుమ్మరించకండి. ఒకచోట వేడి, ఇంకోచోట చల్లదనం, ఆ తేడా 40 డిగ్రీల దాకా పోతే మామూలు అద్దం పగిలే ప్రమాదం ఉంది. అంచున ఇదివరకే చిన్న పెచ్చు లేచి ఉంటే అంత తేడా కూడా అక్కర్లేదు.

ప్లాస్టిక్ పొర తీయడం

బంక మీద ఇంకా టేపు ముక్కలుంటే ముందు వాటిని తీయాలి, లేకపోతే నూనె లోపలికి దిగదు. పొద్దున తొమ్మిదింటికి లేత ఎండ తగిలి అద్దం గోరువెచ్చగా ఉన్నప్పుడు టేపు బాగా వస్తుంది. ఆ కిటికీకి ఎండ రాకపోతే హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పెట్టి అటూ ఇటూ ఆడించండి, ఒకేచోట పట్టొద్దు. డ్రయ్యర్ లేకపోతే వేడినీళ్లలో ముంచి పిండిన బట్టను రెండు నిమిషాలు అద్దండి. ఎంత వేడంటే, మీ చెయ్యి ఓర్చుకునేంత.

మూల గోటితో లేపి, టేపును దాని మీదికే మడిచి, అద్దానికి ఆనించినట్టుగా మెల్లగా లాగండి. మీ వైపుకు ఎత్తి లాగితే పొర తెగి బంక కిందే ఉండిపోతుంది. మెల్లగా అంటే నిజంగా మెల్లగా, బెత్తెడు టేపుకు పది లెక్కబెట్టేంత.

నూనె పట్టించి నానబెట్టడం

ఇది నీడలో, చల్లబడ్డ అద్దం మీద చేయాల్సిన పని. సాయంత్రం బాగుంటుంది. ఈ బంక నీళ్లకు కరగదు, నూనెకు లొంగుతుంది. నూనె బంకలోకి మెల్లగా ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, అద్దంతో పట్టు సడలుతుంది. ఆ ఇంకడానికి సమయం పడుతుంది. ఐదు నిమిషాలకే గీకడం మొదలుపెట్టేవాళ్లే నూనెతో పని కాలేదంటారు.

కిటికీ నిలువుగా ఉంటుంది కాబట్టి నూనె పూస్తే కిందికి కారిపోతుంది. దానికి పాల ప్యాకెట్ ఉపాయం. బనీను ముక్కను నూనెలో తడిపి, కారకుండా పిండి, బంక మీద పరిచి అద్దండి. దాని మీద విప్పిన పాల ప్యాకెట్‌ను, లోపలి వైపు అద్దానికి వచ్చేటట్టు, అరచేత్తో సాపు చేస్తూ అంటించండి. నూనె తడికి కవరు పట్టుకుని నిలబడుతుంది. నూనె కారదు, బంక మీదే కూర్చుని పనిచేస్తుంది. కొత్త బంకకు అరగంట చాలు. ఎండాకాలమంతా ఉన్నదానికి రెండు గంటలు ఉంచండి. మా ఇంట్లో వంటగది కిటికీకి రెండేండ్ల పాత బంక ఉండె, రాత్రంతా ఉంచాను.

కవరు తీసి బొటనవేలితో తోసి చూడండి. నానిన బంక చపాతీ పిండి చేతికి అంటినట్టు సన్నటి పేలికలుగా చుట్టుకుని వస్తుంది. అలా వస్తుంటే ఏటీఎం కార్డు అంచుతో ఒకే వైపుకు తోస్తూ పొండి. వచ్చిన ఉండలను ఎప్పటికప్పుడు పేపరుకు తుడవండి, లేకపోతే పక్కనే మళ్లీ అంటుకుంటాయి. బంక ఉండలు కాకుండా తీగలా సాగుతుంటే ఇంకా నానలేదని అర్థం. మళ్లీ నూనె, మళ్లీ కవరు, ఇంకో గంట.

అప్పటికీ మొండికేస్తే

బ్రౌన్ టేపుదైతే స్పిరిట్ పట్టండి. శానిటైజర్ జెల్ ఇంకా మంచిది, నిలువు అద్దం మీద కారకుండా ఉంటుంది. మందంగా పూసి ఐదు నిమిషాలాగి, ఆరకముందే కార్డుతో తొయ్యండి. నెయిల్ పాలిష్ రిమూవర్ కొనేటప్పుడు అసిటోన్ ఉన్నదో లేదో సీసా మీద చూడండి. అసిటోన్ ఉన్నదే దీనికి పనిచేస్తుంది. అది కిటికీ చట్రానికి తగలకూడదు. చెక్కకు వేసిన రంగు కరుగుతుంది, అల్యూమినియం పౌడర్ కోటింగ్ మచ్చపడుతుంది, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రం మెరుపు పోతుంది. సీసాలోంచి అద్దం మీద పొయ్యకుండా దూదికి అద్దుకుని వాడండి.

పసుపురంగుకు తిరిగి గట్టిపడ్డ మాస్కింగ్ టేపు బంకకు టర్పెంటైన్ మేలు. గ్యాస్ నూనె (కిరోసిన్) దొరికితే అదీ పనిచేస్తుంది. కానీ దాని ఆవిరి 40 డిగ్రీల అటూ ఇటూ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది, అంటే మన మే నెల మధ్యాహ్నం చాలు. స్పిరిట్ నుంచి గ్యాస్ నూనె దాకా వీటిలో ఏది వాడినా కిటికీలన్నీ తెరవండి. దేవుడి దగ్గర దీపం, అగరొత్తి, పక్కన గ్యాస్ పొయ్యి ఏవీ వెలుగుతుండకూడదు. పిల్లలను బయటికి పంపండి. వాడిన బట్టలను ఉండచుట్టి మూల పడెయ్యకుండా నీళ్లలో తడిపి పారెయ్యండి. పెట్రోల్ మాట ఎవరు చెప్పినా వినొద్దు. బండిలోంచి గుక్కెడు తీసి తుడిచేద్దామనుకుంటే, దాని ఆవిరి నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది.

పుట్టినరోజు అలంకరణలకు వాడే స్పాంజి డబుల్ టేపుది వేరే పద్ధతి. గట్టి దారాన్ని స్పాంజికి, అద్దానికి మధ్య పెట్టి రెండు చేతులతో రంపంలా అటూ ఇటూ లాగితే స్పాంజి ఊడి పడుతుంది. మిగిలిన పల్చటి పొరకు నూనె.

ఇక బ్లేడు. సాదా అద్దానికి, అన్నీ అయిపోయినంక మాత్రమే. కొత్త బ్లేడే వాడండి. మొన విరిగినది, తుప్పు చుక్క పడ్డది పనికిరాదు. రెండువైపులా పదునుండే గడ్డం బ్లేడును చేత్తో పట్టుకోవద్దు. ఒకవైపే పదునుండి పిడికి బిగించే గీకుడు బ్లేడు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. అద్దాన్ని సబ్బు నీళ్లతో బాగా తడిపి, బ్లేడును దాదాపు పడుకోబెట్టినట్టు 30 డిగ్రీల వాలులో పెట్టి ముందుకు తొయ్యండి. వెనక్కి ఈడ్చొద్దు. ఎత్తి, తుడిచి, మళ్లీ మొదటి నుంచి తొయ్యాలి. వెనక్కి లాగినప్పుడే బ్లేడు కిందికి చేరిన రేణువు గీత గీస్తుంది. కరకరమని చప్పుడు వచ్చిందంటే అక్కడే ఆపి నీళ్లు కొట్టండి. మా అమ్మ వాళ్లింట్లో ఆ చప్పుడు విని కూడా నేను ఆపలేదు.

గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్, స్టీలు పీచు, బూడిద, పీతాంబరి పొడి అద్దం దగ్గరికి రానియ్యకండి.

చివరి తుడుపు

బంక పోయినంక జిడ్డు మిగులుతుంది. దాన్ని అలాగే వదిలితే రెండు రోజుల్లో దుమ్మంతా అక్కడే పడుతుంది. గిన్నెల లిక్విడ్ నాలుగు చుక్కలు బట్టకే వేసి రుద్ది, తడిబట్టతో రెండుసార్లు తుడవండి. జిడ్డు ఎక్కువుంటే ముందు గుప్పెడు శెనగపిండి అద్దితే నూనెను పీల్చేస్తుంది. ఆఖరుకు స్పిరిట్ అద్దిన బట్టతో ఒక్కసారి. వేలితో తాకితే కిర్రుమనాలి.

బోరు నీళ్లతో కడిగితే ఆరినంక తెల్లటి చుక్కలు తేలతాయి. నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది కానీ ఈ చుక్కలు సున్నపు ఉప్పులవి, కాల్షియం, మెగ్నీషియంవి. చివరిసారి తుడవడానికి కృష్ణా నీళ్లు గానీ ఫిల్టర్ నీళ్లు గానీ ఒక చెంబెడు వాడండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే వేస్టు నీళ్లు దీనికి అస్సలు పనికిరావు, వాటిలో ఉప్పులు మామూలు బోరు నీళ్లకన్నా ఎక్కువ. ఇప్పటికే చుక్కలు పడి ఉంటే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, బట్టతో అద్ది, పది నిమిషాలాగి తుడవండి. నిమ్మరసమైనా సరే. అయితే కిటికీ కింద తాండూరు బండ వేసి ఉంటే పులుపు చుక్క దాని మీద పడనియ్యకండి. తాండూరు బండ సున్నపురాయి, పులుపు దాన్ని తినేసి మెరుపు పోగొడుతుంది. తడిపిన తువ్వాలను మడిచి అద్దం అడుగున పెట్టుకుంటే సరిపోతుంది.

వచ్చే ఎండాకాలానికి

ఎండను అద్దం లోపల పేపరుతో ఆపడంకన్నా బయటే ఆపడం మేలు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. నర్సరీలకు కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను మీటర్ల లెక్కన అమ్ముతారు. కిటికీ ఊచలకు బయటివైపు దాన్ని తాడుతో కడితే అద్దం కాగదు, టేపు పనే ఉండదు. గోనెసంచి కట్టి పొద్దున, మధ్యాహ్నం తడిపినా సరే. టేపు తప్పదనుకుంటే అద్దానికి వేయకుండా చట్రానికి వేయండి, అదీ రెండు వారాలకోసారి పీకి కొత్తది వేయండి. కొత్తగా అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు పెట్టించినవాళ్లు చట్రానికి ఉండే ప్లాస్టిక్ పొరను గీతలు పడతాయని ఏండ్ల తరబడి ఉంచేస్తారు. బిగించడం, ప్లాస్టరు పని అయిపోగానే తీసెయ్యండి. ఒక్క ఎండాకాలం దాటితే ఆ పొర కూడా ఇట్లాగే చట్రానికి కాలి పట్టుకుంటుంది.

కూలర్ పక్కల సందులకు థర్మాకోల్‌ను సందుకన్నా అర అంగుళం ఎక్కువగా కోసి, అంచుకు పాత చీర పేలిక చుట్టి బిగువుగా కూరండి. గాలి రాదు, కూలర్ అదురుకు చప్పుడు కూడా తగ్గుతుంది. మా పక్కింటి చెల్లె ఈ ఏడు అట్లనే పెట్టింది.